బక్క గుర్రం లెక్క

హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో 'ఫ్లూక్' అనే మాట తరచూ వినిపిస్తుంది. ఎవరూ పట్టించుకోని గుర్రం, బోర్డు మీద ఎవరూ నమ్మలేనంత పెద్ద రేటు (గెలిస్తే కట్టిన రూపాయికి వచ్చేది) ఉన్న గుర్రం గెలిచేస్తే దాన్ని ఫ్లూక్ అంటారు. అది గీత దాటగానే స్టాండ్ మొత్తం ఒక్క క్షణం గప్‌చుప్ అయిపోతుంది. తర్వాత చించేసిన టికెట్లు కాళ్ల కింద పడతాయి. ఆ వెంటనే ఎవడో ఒకడు "నేను ముందే చెప్పానా లేదా" అంటాడు. వాడు పొద్దున్నించి బరిలో దిగిన ప్రతి గుర్రం గురించీ అదే చెప్పి ఉంటాడు.

మరి నిజంగా ముందే చెప్పొచ్చా? మా మామయ్యతో కలిసి కొన్నేళ్లుగా రేసులకు వెళ్తున్నాను. ఆయన ఒక ఆఫీసులో లెక్కల పని చేసి రిటైరయ్యారు. ఆయన పక్కన కూర్చుని నేను అర్థం చేసుకున్నది ఏమిటంటే, ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలగాపులగం అయిపోయి ఉన్నాయి. ఒకటి, పెద్ద రేటున్న గుర్రాన్ని పట్టుకోవడం. రెండోది, జనం పొరపాటున తక్కువ చేసి చూసిన గుర్రాన్ని పట్టుకోవడం. మొదటిది ఎవరైనా చేయొచ్చు, బోర్డు చూస్తే చాలు. డబ్బు పోయేది కూడా అక్కడే.

భారతం అరణ్యపర్వంలో నలుడి కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉంటాడు. దమయంతికి మళ్లీ స్వయంవరం అని కబురొస్తుంది. ఒక్క రోజులో విదర్భ చేరాలి. నలుడు గుర్రపుశాలకు వెళ్లి, ఏరి ఏరి బక్కచిక్కిన గుర్రాలను తెచ్చి రథానికి కడతాడు. రాజుకు ఒళ్లు మండుతుంది. ఈ ఎముకల గూళ్లు నన్నెక్కడికి మోసుకెళ్తాయి, వేళాకోళమా అని గదమాయిస్తాడు. నలుడు చూసింది వేరు. వెడల్పాటి ముక్కుపుటాలు, పెద్ద దవడలు, ఒంటి మీద సుళ్లు, పుట్టిన సింధుదేశం. ఆ గుర్రాలే రథాన్ని గాలిలో ఎగరేసుకుపోయినట్టు తీసుకెళ్తాయి.

ఇంతవరకే అయితే ఇది అవుట్‌సైడర్‌ను, అంటే ఎవరూ ఆశ పెట్టుకోని గుర్రాన్ని, పట్టిన మొనగాడి కథ. దారిలో జరిగిందే నాకు ఇంకా ఇష్టం. ఋతుపర్ణుడు ఒక తాండ్ర చెట్టును చూసి, దాని ఆకులూ కాయలూ ఎన్నో చూపుతోనే లెక్క చెప్పేస్తాడు. నలుడు నమ్మక రథం ఆపి లెక్కపెడతాడు. సరిగ్గా సరిపోతుంది. అప్పుడు ఇద్దరూ విద్యలు మార్చుకుంటారు. రాజు అక్షహృదయం, అంటే పాచికల లెక్క నేర్పుతాడు. దానికి బదులు అశ్వహృదయం, అంటే గుర్రాల విద్య, నలుడి నుంచి తనకు రావాలి. గుర్రం గురించి అంత తెలిసిన నలుడికి జూదం ఆడి ఓడిపోయినప్పుడు ఆ లెక్క తెలియదు. మలక్‌పేటలో నేను చూసిన చాలామంది ఇలాంటి సగం నలుళ్లే. ఏ గుర్రం ఏ స్టేబుల్‌దో, దాని తల్లెవరో తండ్రెవరో చెప్పేస్తారు. ఏ రేటుకు కట్టొచ్చో, ఏ రేటుకు కట్టకూడదో అడిగితే మొహం చూస్తారు.

కాబట్టి ముందు లెక్క.

టోట్ అంటే అందరి డబ్బూ ఒకే హుండీలో పడటం. 1860ల్లో పారిస్‌లో జోసెఫ్ ఓలర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. హుండీలోంచి ముందు ఖర్చుల కింద కొంత తీసేసి, మిగిలినదాన్ని గెలిచిన గుర్రం మీద కట్టినవాళ్లకు పంచుతారు. ఒక రేసులో విన్ పూల్, అంటే ఏ గుర్రం గెలుస్తుందో అని జనం కట్టిన డబ్బంతా, లక్ష రూపాయలు అనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి నూటికి 20 తీసేశారనుకుందాం. మిగిలింది 80,000. మన గుర్రం మీద మొత్తం జనం కట్టింది 4,000 అయితే, అది గెలిస్తే రూపాయికి 20 రూపాయలు వస్తాయి. బోర్డు చెప్పేది అదే, పదికి రెండు వందలు.

ఆ బోర్డును తిప్పి చదవాలి. లక్షలో 4,000 కట్టారంటే, ఈ గుర్రం వందలో నాలుగు సార్లు గెలుస్తుందని జనం తీర్పు చెప్పారన్నమాట. రూపాయికి 20 వస్తుంది కాబట్టి, నష్టం లేకుండా బయటపడాలంటే అది వందలో అయిదు సార్లు గెలవాలి. ఆ నాలుగుకూ అయిదుకూ మధ్య ఉన్నది హుండీలోంచి తీసేసిన భాగం. అంటే నేను జనం కన్నా కాస్త తెలివైనవాణ్ని అయితే సరిపోదు. ఆ తీసేసిన భాగాన్ని కూడా దాటేంత తెలివి కావాలి.

ఇప్పుడు పన్ను కలపండి. గుర్రప్పందేల్లో కట్టిన మొత్తం మీద ముందు 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. వంద రూపాయల పందేనికి జేబులోంచి 140 తీయాలి. అదే గుర్రం, అదే 20 రేటు. ఇప్పుడు అసలు దక్కాలంటే అది వందలో ఏడు సార్లు గెలవాలి. జనం నాలుగు అంటున్న చోట నేను ఏడు కన్నా ఎక్కువ అనగలగాలి. పదివేలు దాటిన గెలుపు మీద 30 శాతం టీడీఎస్ కోస్తారు. పోయిన పందేలను అందులో తీసివేసుకోవడం కుదరదు. 'ఈ గుర్రానికి ఛాన్సుంది' అనే మాట ఈ లెక్క ముందు నిలబడదు. ఛాన్సు అన్నిటికీ ఉంటుంది. ఎంత, అన్నదే ప్రశ్న.

జనం తీర్పు ఎంతవరకు సరైనది? ఈ విషయం మీద డెబ్బై ఏళ్లకు పైగా పరిశోధన జరుగుతోంది. 1949లో గ్రిఫిత్ అనే అమెరికన్ సైకాలజిస్టు రేసుల రేట్లు, ఫలితాలు పక్కపక్కన పెట్టి చూశాడు. జనం ఫేవరెట్ల మీద, అంటే అందరికన్నా ఎక్కువ డబ్బు పడే గుర్రాల మీద, ఉండాల్సిన దానికన్నా తక్కువ, అవుట్‌సైడర్ల మీద ఉండాల్సిన దానికన్నా ఎక్కువ కడుతున్నారని తేలింది. తర్వాత స్నోబర్గ్, వుల్ఫర్స్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో 1992 నుంచి 2001 దాకా జరిగిన రేసులు తీసుకుని, గుర్రాలు బరిలో దిగిన 60 లక్షలకు పైగా సందర్భాలు లెక్కేసి 2010లో అచ్చువేశారు. కళ్లు మూసుకుని ఏదో ఒక గుర్రం మీద కట్టుకుంటూ పోతే నూటికి 23 పోతుంది. ప్రతి రేసులో ఫేవరెట్ మీదే కడితే నూటికి అయిదున్నర పోతుంది. 100కి 1 (రూపాయికి వంద లాభం), అంతకన్నా పెద్ద రేటున్న గుర్రాల మీద కడితే నూటికి 61 పోతుంది.

ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. మనం మామూలుగా అనుకునేది దీనికి తిరగబడి ఉంటుంది. అవుట్‌సైడర్ అంటే జనం చిన్నచూపు చూసిన గుర్రం అనుకుంటాం. మొత్తంగా చూస్తే వాటిని జనం ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ముద్దు చేస్తున్నారు. ఎందుకు? చిన్న చిన్న అవకాశాలను మన మనసు పెద్దవి చేసి చూస్తుంది, లాటరీ టికెట్ కొనడానికి కూడా కారణం అదే. ఇంకొకటి, ఫేవరెట్ మీద గెలిస్తే ఇంట్లో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఫ్లూక్ కొట్టినవాడు పదేళ్లు చెప్పుకుంటాడు. ఆ చెప్పుకునే హక్కు కోసం కూడా జనం డబ్బు కడతారు. సాయంత్రం చివరి రేసు దగ్గర క్యూలో నిలబడి చూడండి. పొద్దున్నించి పోగొట్టుకున్నది ఒక్క దెబ్బతో రాబట్టాలంటే ఫేవరెట్ సరిపోదు. అందరి చూపూ పెద్ద రేట్ల మీదే ఉంటుంది.

అన్ని ఊళ్లలో ఇదే కథ అని కాదు. హాంగ్‌కాంగ్ రేసుల మీద 1988లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ వంకర కనపడలేదు. అక్కడ పూల్స్ చాలా పెద్దవి, కట్టేవాళ్లు గుర్రాల వివరాలు బాగా చదువుకుని కడతారు. అదే హాంగ్‌కాంగ్‌లో బిల్ బెంటర్ అనే అమెరికన్ కంప్యూటర్ మోడల్‌తో పెద్ద ఎత్తున డబ్బు సంపాదించాడు. అతను 1994లో రాసిన పేపర్లో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఒక్కో గుర్రానికీ తన మోడల్ ఇచ్చిన అంచనాను అలాగే నమ్మేయకుండా, జనం పెట్టిన రేటును కూడా ఒక సమాచారంగా తీసుకుని రెండూ కలిపాడు. బోర్డు మీద రేటు అంటే తనకు తెలియనివి తెలిసిన వేలమంది చెబుతున్న మాట అని అతను ఒప్పుకున్నాడు. మనం మాత్రం రేస్ బుక్ పది నిమిషాలు తిరగేసి, జనానికి బుర్ర లేదని తేల్చేస్తాం.

సరే, మరి గెలిచిన అవుట్‌సైడర్ల సంగతి? వాటిలోనూ రెండు రకాలున్నాయి. రెండు ఉదాహరణలు చెప్తాను, రెండూ మన ఊరివి కావు.

1967 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ ఎయింట్రీలో గ్రాండ్ నేషనల్. కంచెలు దూకుతూ పరిగెత్తే రేసు. ఫాయినావన్ అనే గుర్రం రేటు 100కి 1. దాని ట్రైనర్‌కే నమ్మకం లేదు, ఆ రోజు ఆయన వేరే ఊరి రేసుల్లో ఉన్నాడు. ఇరవైమూడో కంచె దగ్గర, రౌతు పడిపోయి ఖాళీగా పరిగెత్తుతున్న ఒక గుర్రం అడ్డం తిరిగింది. వెనక వచ్చినవి దాదాపు అన్నీ పడిపోయాయి, లేదా ఆగిపోయాయి. ఫాయినావన్ ఎంత వెనకబడి ఉందంటే, దాని జాకీకి ఆ గుంపును చూసి పక్కనుంచి దూకించుకుపోయే టైమ్ దొరికింది. గెలిచింది. టోట్ రూపాయికి 444 చొప్పున ఇచ్చింది. ఇది ఎవరూ ముందు చెప్పగలిగింది కాదు. దీని మీద కట్టినవాడు తెలివైనవాడు అనలేం, తుఫానులో మామిడికాయ వచ్చి ఒళ్లో పడితే అది తోటమాలి గొప్పతనం కాదు కదా.

2022 మే 7న అమెరికాలో కెంటకీ డెర్బీ. రిచ్ స్ట్రైక్ అనే గుర్రానికి అసలు బరిలో చోటే లేదు, వెయిటింగ్ లిస్టులో ఉంది. ముందురోజు ఒక గుర్రం తప్పుకోవడంతో లోపలికొచ్చింది. రేటు 80కి 1. గెలిచింది. ఇక్కడ మాత్రం వెనక్కి తిరిగి చూస్తే రెండు గుర్తులు కనిపిస్తాయి. ఆ ముందు ఏడాది సరిగ్గా అదే ట్రాక్ మీద, చిన్న స్థాయి రేసే అయినా, అది 17 లెంగ్త్‌ల (గుర్రం పొడవుల) తేడాతో గెలిచింది. ఆ రోజే దాన్ని 30,000 డాలర్లకు కొనుక్కున్నారు. రెండో గుర్తు, డెర్బీలో ముందు పరిగెత్తే అలవాటున్న గుర్రాలు చాలా ఉన్నాయి. మొదటి పావు మైలు 21.78 సెకన్లలో పోయింది, డెర్బీ చరిత్రలోనే అంత వేగం లేదు. ముందు దూకినవాటికి చివర్లో ఊపిరి అందలేదు. మొదట్లో దాదాపు అన్నిటికన్నా వెనకున్న రిచ్ స్ట్రైక్ లోపలి అంచు వెంట సందులు దొరకబుచ్చుకుని వచ్చింది.

అంటే దాన్ని ముందే పట్టొచ్చా? నేను అలా అనను. ఆ గుర్తులు చూసినవాడు, దీని అసలు రేటు 80 కాదు, 40 ఉండాలి అనుకోవచ్చు. అంతవరకే. నలభైకి ఒకటి అంటే నలభై సార్లు ఓడిపోయి ఒక్కసారి గెలిచే గుర్రమే. ఆ తర్వాత రిచ్ స్ట్రైక్ మళ్లీ ఒక్క రేసూ గెలవలేదు.

ఇప్పుడు మలక్‌పేటకు వద్దాం. ఈ ఊళ్లో రేసులు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వాటిని మలక్‌పేటకు తెచ్చాడు. ఇప్పుడైతే మెట్రో దిగి నడుచుకుంటూ వెళ్లొచ్చు. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో చెప్పింది. క్లబ్బు గేటు లోపల, లైసెన్సున్నవాళ్ల దగ్గర కట్టడం చట్టబద్ధం. గల్లీలో ఫోన్ మీద కట్టించుకునేవాడి సంగతి వేరు, వాడితో పెట్టుకుంటే గెలిచినా డబ్బు అడగడానికి మనిషి దొరకడు.

మన దగ్గర రేసుల్లో ఎక్కువ హ్యాండీక్యాప్ రేసులే. ప్రతి గుర్రానికి ఒక రేటింగ్ ఉంటుంది. ఒక పాయింటుకు అరకిలో బరువు. బాగా పరిగెత్తే గుర్రం వీపు మీద ఎక్కువ బరువు, వెనకబడేదాని మీద తక్కువ. అన్నీ ఒకేసారి గీత దాటేలా చేయాలన్నది ఆ రేటింగులు వేసే హ్యాండీక్యాపర్ ఆశ. గెలిస్తే రేటింగ్ పెరిగి బరువెక్కుతుంది, ఓడుతూ పోతే దిగుతుంది. అవుట్‌సైడర్ వెతికేవాడికి కీలకం ఇదే. వరసగా ఓడిన గుర్రం జనం కళ్లలో పడిపోతుంది, దాని వీపు మీద బరువూ తగ్గుతుంది. అది నిజంగా ముసలిదై ఓడుతోందా, లేక సరిపడని చోట పరిగెత్తి ఓడిందా అన్నది తేల్చుకోవాలి. మొదటిదైతే ఎంత బరువు తగ్గినా లాభం లేదు. రెండోదైతే ఆ తగ్గిన కిలోలు ఉచితంగా దొరికినట్టే. (కావాలని ఓడించి బరువు తగ్గించుకునే వేషాలు కూడా ఉంటాయని జనం గొణుగుతారు. రేసులను కనిపెట్టి చూసే స్టీవార్డులు ఉన్నది అందుకే. గొణుగుడు మీద ఆధారపడి డబ్బు కట్టకూడదు.)

సరిపడని చోట అంటే ఏమిటో మామయ్య రేస్ బుక్ చూపించి చెప్తారు. ఈ శీతాకాలం సీజన్‌లో ఒక ఆదివారం ఆయన ఎర్ర పెన్సిల్‌తో ఒక గుర్రం చుట్టూ సున్నా చుట్టారు. వానాకాలంలో అది మూడుసార్లు పరిగెత్తింది. స్థానాలు 7, 9, 6. జనం అక్కడే పేజీ తిప్పేస్తారు. ఆయన ఆ అంకెల పక్కన చిన్న అక్షరాలు చదివారు. మూడూ 1100, 1200 మీటర్ల పరుగులు. నేల ఎంత మెత్తగా ఉందో కొలిచే పెనెట్రోమీటర్ రీడింగ్ చూస్తే మూడు రోజులూ ట్రాక్ మెత్తగా ఉంది. ఆ వరసకు ముందు, ఏడాది కిందట, ఎండిన ట్రాక్ మీద 1600 మీటర్ల రేసు గెలిచింది. అప్పుడు మోసిన బరువు 56 కిలోలు. ఇవాళ మళ్లీ 1600, ట్రాక్ గట్టిగా ఉంది, బరువు యాభై ఒకటిన్నర.

"ఓడిందనే చూస్తారు, ఎక్కడ ఓడిందో చూడరు" అన్నారు. తర్వాత చేసిన పనే నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. బోర్డు వైపు చూడకుండా, పాకెట్ నోట్‌బుక్‌లో '12' అని రాశారు. పన్నెండులో ఒకటి, అంటే వందలో ఎనిమిది సార్లకు పైగా గెలుస్తుందని ఆయన అంచనా. బోర్డు చూశాక రాస్తే, ఆ అంకె మన అంకెను లాక్కుపోతుందట.

తర్వాత ప్యాడక్ దగ్గరికి వెళ్లాం. రేసుకు ముందు గుర్రాలను గుండ్రంగా నడిపించే చోటు అది. ఫేవరెట్ మెడ మీద చెమట, వెనక కాళ్ల మధ్య తెల్లటి నురగ. అది పరిగెత్తకముందే టెన్షన్ పడుతోంది. మన గుర్రం తల దించుకుని, ఒడ్డున చేపలు పట్టేవాడిలా నింపాదిగా నడుస్తోంది. వెనక కాలు ముందు కాలి ముద్రను దాటి పడుతోంది. "అంగ బాగుంది" అన్నారు మామయ్య. నోట్‌బుక్‌లో అంకె మాత్రం మార్చలేదు. ప్యాడక్‌లో అందంగా నడిచి రేసులో చతికిలబడ్డ గుర్రాలను ఆయన బోలెడు చూశారు.

అక్కడే పక్కన నిలబడ్డ ఒకాయన చెవిలో ఊదాడు. "అన్నా, నాలుగో నంబర్, పక్కా. లోపలి నుంచి మాట." టిప్‌ల గురించి మామయ్య అభిప్రాయం చాలా చిన్నది. ఆ మాట నిజంగా లోపలిదైతే, మన చెవిదాకా వచ్చేసరికి ఎంతమంది చెవుల్లోంచి వచ్చుంటుంది? వాళ్లందరూ కట్టేసే ఉంటారు. టిప్ నిజమైనా రేటు అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. అబద్ధమైతే చెప్పక్కర్లేదు. పేరున్న జాకీ, పేరున్న స్టేబుల్ కూడా అంతే. వాళ్లు బాగా గెలుస్తారన్నది నిజం, ఆ నిజం అందరికీ తెలుసు కాబట్టి రేటులో కలిసిపోయింది. చిన్న స్టేబుల్ గుర్రం మీద బరువు తగ్గింపు దొరికే అప్రెంటిస్ కుర్రాడు ఎక్కితే జనం మొహం తిప్పుకుంటారు. అప్పుడప్పుడు నాలుగు రూపాయలు ఎక్కువ దొరికేది అక్కడే.

ఇంకొక ఇబ్బంది చెప్పాలి, ఇది జేబుకు సంబంధించింది. మన అంచనా సరైనదే అనుకుందాం, గుర్రం నిజంగా వందలో ఎనిమిది సార్లు గెలిచేదే. అయినా వరసగా ముప్పై పందేలు పోయే అవకాశం వందలో ఎనిమిది దాకా ఉంటుంది. ముప్పై పందేలంటే కొన్ని నెలల ఆదివారాలు. ఆ మధ్యలో మనిషి తన పద్ధతిని నమ్మడు, ఇంట్లోవాళ్లు మనిషిని నమ్మరు. పదిహేనో ఓటమి దగ్గర పందెం రెట్టింపు చేసేవాడే ఎక్కువ. అద్దె డబ్బు, ఫీజు డబ్బు పట్టుకుని ఈ ఆటలోకి వచ్చేవాడికి అవుట్‌సైడర్ అసలు పనికిరాదు. మామయ్య రోజుకు అయిదొందలకు మించి తీసుకురారు, ఏటీఎం కార్డు ఇంట్లో వదిలేసి వస్తారు.

పందెం పెద్దది చేస్తే కూడా చిక్కే. పైన చెప్పిన లక్ష రూపాయల పూల్‌లో మనమే ఇంకో 4,000 అదే గుర్రం మీద వేశామనుకోండి. రేటు 20 నుంచి 10.4కి పడిపోతుంది. మన నమ్మకమే మన లాభాన్ని తినేస్తుంది. టోట్‌లో ఇచ్చేది కౌంటర్ మూసేటప్పటి రేటు, టికెట్ కొన్నప్పటిది కాదు. సొంతంగా రేటు చెప్పి పందేలు తీసుకునే బుక్కీ అయితే మాట అనుకున్న రేటుకే ఇస్తాడు, కానీ అతను తన భద్రత చూసుకున్నాకే ఆ రేటు చెప్తాడు.

ఆ ఆదివారం మేం టోట్ క్యూలో నిలబడ్డాం. బోర్డు మీద మన గుర్రం 20. మామయ్య లెక్క ప్రకారం ఏడు దాటితే చాలు, ఆయన అంచనా ఎనిమిది పైన. ముందు నలుగురున్నారు. గుర్రాలు గేటులోకి ఎక్కుతున్నాయి. బోర్డు ఒకసారి మిణుకుమని 18 అయింది. మా ముందు ఇద్దరు మిగిలేసరికి 16. పదహారు రేటుకు పన్ను కలుపుకుంటే అసలు దక్కడానికి వందలో తొమ్మిదికి దగ్గరగా గెలవాలి. మామయ్య నోట్‌బుక్ తీసి చూసుకుని, క్యూలోంచి పక్కకు జరిగారు. నేను చెయ్యి పట్టుకుని ఆపబోయాను. "వద్దురా, ధర పోయింది" అన్నారు.

చివరి రెండొందల మీటర్లలో అది బయటి నుంచి వచ్చింది. ఫేవరెట్ అప్పటికే అలిసిపోయింది. మెడ తేడాతో గెలిచింది. చుట్టూ ఫ్లూక్, ఫ్లూక్ అని అరుపులు. నాకు కడుపు మండిపోయింది, ఆయన మొహంలోకి చూడలేదు. మామయ్య పెన్సిల్ నాలుకకు తడి చేసుకుని, '12' పక్కన '16, కట్టలేదు' అని రాసుకున్నారు. తర్వాత రేస్ బుక్ పేజీ తిప్పి, తర్వాతి రేసు గుర్రాలు ప్యాడక్‌లోకి వచ్చాయేమో చూడమని నన్ను పంపించారు.